బీన్స్ కొబ్బరి వేపుడు: ముక్క పచ్చగా ఉంటూనే మెత్తబడాలంటే ఎలా?

ముక్క ఉడికితే రంగు పోతోంది, రంగు నిలిస్తే ముక్క ఉడకట్లేదు, ఎటూ కుదరడం లేదండీ.

నేను చేసేది ఇదీ. పావుకిలో లేత బీన్స్ పీచు తీసి అర అంగుళం ముక్కలు కోస్తాను. మందపాటి మూకుడులో 2 చెంచాల నూనె, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు. ముక్కలు, ఉప్పు, పసుపు వేసి, పావు గ్లాసు నీళ్లు పోసి, మూత పెట్టి సన్న సెగ మీద 12 నిమిషాలు ఉంచుతాను. మూత తీసేసరికి ముక్క మెత్తగానే ఉంటుంది కానీ పాచి రంగులోకి తిరిగిపోయి ఉంటుంది, కొబ్బరి చల్లితే ఇంకా వెలిసినట్టు కనిపిస్తుంది.

మూత లేకుండా వేయించి చూశాను: పైతోలు ముడతపడి అక్కడక్కడా మాడుతోంది, లోపల గింజ మాత్రం పచ్చివాసనే. చిటికెడు వంటసోడా వేస్తే రంగు బ్రహ్మాండంగా నిలిచింది కానీ ముక్క జావైపోయింది, రుచి కూడా నచ్చలేదు, ఇక సోడా వద్దు. విడిగా మరిగే నీళ్లలో 4 నిమిషాలు ఉడికించి చన్నీళ్లలో వేశాను, అదీ పచ్చగానే ఉంది, కాకపోతే పోపులో వేశాక నీరు వదిలి కొబ్బరంతా ముద్దకట్టింది. నాకు కావలసింది కొబ్బరి పొడిపొడిగా అంటుకునే వేపుడు.

విడిగా ఉడికించకుండా, మూకుడులోనే చేసేవాళ్లు చెప్పండి: పావుకిలోకి మూత ఎంతసేపు, ఏ సెగ మీద పెడుతున్నారు?