ఉగాది తర్వాత వీకెండ్: అత్తయ్యని, పాపని ఎక్కడికి తీసుకెళ్లాలి?

మియాపూర్ కోడలు:
తెనాలి నుంచి అత్తయ్య వచ్చారు. ఆవిడకి మాల్స్ పడవు, పద్య నాటకమంటే ప్రాణం. మోకాళ్ల నొప్పులు కూడా. పాపకి 7 ఏళ్లు, పది నిమిషాలు కుదురుగా కూర్చోదు. ఇద్దరికీ నచ్చేది ఏదైనా ఉందా?

నాటకాల పిచ్చి:
సురభి నాటక సమాజం వాళ్ల ఆట ఉందేమో కనుక్కోండి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో మొదలుపెట్టారు, ఇప్పటికీ కుటుంబాలకి కుటుంబాలే వేస్తున్నాయి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరొస్తుంటే మావాడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. మరీ ముందు కూర్చోకండి, తీగలు కనబడితే మజా పోతుంది. నాకదే జరిగింది!

గచ్చిబౌలి బాబాయ్:
మాదాపూర్‌లో హస్తకళల గ్రామం శిల్పారామం మీకు దగ్గరే కదమ్మా. వారాంతం సాయంత్రాలు కూచిపూడి, భరతనాట్యం పెడుతుంటారు. ఎండ తగ్గాక, అయిదు దాటాక బయల్దేరండి. కూర్చోవడానికి మెట్లే, అత్తగారికి ఒక దిండు పట్టుకెళ్లండి. చేర్యాల మాస్కులు కనబడితే పాపకి చూపించండి. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి చేస్తారు, చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. బేరం మాత్రం మరీ గీచి ఆడకండి.

మియాపూర్ కోడలు:
థాంక్స్ బాబాయ్ గారూ. శనివారం శిల్పారామం ఖాయం. నాటకం సంగతి అత్తయ్య చెవిన పడింది, పొద్దుట్నుంచీ రాయబారం పద్యాలు మొదలెట్టారు. ఇక ఆదివారం ఆట దొరక్కపోతే నా పని అంతే.