కుంభాభిషేకం బురదమేటల్లో వంకరముక్కు పిట్టలు: కర్ల్యూలా, విమ్‌బ్రెల్‌లా?

ప్రశ్న: కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోట నవంబరు రెండో వారంలో ఈ వంకరముక్కు పిట్టలు పది దాకా కనిపించాయి. పొద్దున ఏడింటికి అన్నీ నల్లటి నీడలే. గుర్తుపట్టేదెలా?

జవాబు: సముద్రం తూర్పున కదండీ, పొద్దున సూర్యుడు ఎదురుగా ఉంటాడు. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. పోటు వేళ కూడా చూసుకోండి. నీరు తీసేసినప్పుడు పిట్టలు మేటంతా చెదిరిపోతాయి. పూర్తి పోటుకు రెండు గంటల ముందు నిలబడితే నీరే వాటిని మీవైపు తోస్తుంది.

ఇక గుర్తు: నడినెత్తిన లేత చార, రెండు పక్కలా ముదురు పట్టీలు ఉంటే విమ్‌బ్రెల్. కర్ల్యూకి నెత్తిన ఆ పట్టీలుండవు, ముక్కు బాగా పొడవు. అయినా ముక్కు ఒక్కటే నమ్మొద్దు, వయసు తక్కువ కర్ల్యూలకి అదీ పొట్టిగానే ఉంటుంది.

మరో జవాబు: స్కోపు (పిట్టల్ని చూసే దుర్భిణి) 60 రెట్లకి తిప్పకండి. ఎండెక్కాక సెగకి బొమ్మ వణుకుతుంది, 25 లేదా 30 చాలు. నారింజ ముక్కు, కింది దవడ పొడుగ్గా ఉన్న స్కిమ్మర్లు ఇసుక మీద గుంపుగా కూర్చుంటే దగ్గరికి నడవొద్దు. ఒక్కసారి లేస్తే ఆ పూటకి దక్కవు.

ఇంకో జవాబు: తీరం ఒక్కటే కాదు, దాళ్వాకి (రబీ వరికి) నీళ్లు పెట్టిన మళ్లూ చూడండి. దమ్ము చేసిన రోజున ఉడ్ శాండ్‌పైపర్లు, జిట్టంగులు అనే చిన్న పిట్టలు ట్రాక్టరు వెనకే దిగుతాయి. నాట్లు ఎదిగాక కనబడటం కష్టం.

ప్రశ్నించినవారు: ఫొటో వెలుగు పెంచి చూశా, నెత్తిన పట్టీలున్నాయి. ఆరు విమ్‌బ్రెల్ అని రాస్తా, మిగతా నాలుగూ తేలలేదు.