'నేను' లేని వాక్యంలో నేను ఎక్కడ? కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. గుంటూరులో తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. గోపీచంద్ నవల 'అసమర్థుని జీవయాత్ర' మీద ప్రాజెక్టు రాస్తున్నాను. అందులోని కథానాయకుడు సీతారామారావు లోపలి ఘర్షణను ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్ సిద్ధాంతంతో చూడాలని నా ఆలోచన. ఒక్కచోట ఆగిపోయాను.

భాషాశాస్త్రవేత్త సొస్యూర్ చెప్పిన సూచకం (మాట రూపం), సూచితం (దాని అర్థం) జంటను లకాన్ తిరగేసి, సూచకాన్ని రెంటి మధ్య గీతకు పైన పెట్టాడు. ఇంతవరకు అర్థమైంది. 1964 సెమినార్‌లో 'నేను అబద్ధం చెబుతున్నాను' అనే వాక్యం తీసుకుని, మాట్లాడే నేను వేరు, వాక్యంలో కనిపించే నేను వేరు అంటాడు. మనిషిలోని చీలిక అక్కడ బయటపడుతుంది.

మరి మన తెలుగులో? మొన్న రాత్రి మా అమ్మమ్మ కంచం పక్కకు జరిపి, "తినాలనే ఉందిరా, మనసొప్పట్లేదు" అంది. అందులో 'నేను' ఎక్కడా లేదు. 'నాకు ఆకలేస్తోంది' అన్నా క్రియకు కర్త ఆకలే, నేను కాదు. 'వచ్చాను' అంటే చివరి 'ను'లో దాక్కుని ఉంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు (ఇదీ అలాంటి వాక్యమే!).

ఫ్రెంచిలో మామూలు వాక్యానికి కర్త తప్పనిసరి. లకాన్‌కు ఆ ఉదాహరణ అంత బాగా కుదిరింది అందుకేనా? తెలుగు నవలలో చీలికను ఇలాంటి 'నాకు' వాక్యాల్లో వెతికితే తప్పా? మా గైడ్ గారు వ్యాకరణం జోలికి పోవద్దంటున్నారు. నాకేమో అసలు విషయం అక్కడే ఉందనిపిస్తోంది.

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో దీని మీద పుస్తకాల కోసం రెండు ఆదివారాలు వెతికాను, దొరకలేదు. భాషాశాస్త్రం, మనోవిశ్లేషణ రెండూ తెలిసినవారు ఏం చదవాలో చెప్పండి. వచ్చే నెలే సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.