తవ్వకంలో దొరికింది ఉలా, మేకా? కమ్మరి పనిముట్లు గుర్తుపట్టేవాళ్లు చెప్పండి

పాత_ఇనుము: పాత కోట దగ్గర తవ్వకంలో వాలంటీర్‌గా ఉన్నాను. బొగ్గు, చిట్టెం (ఇనుము పనిలో మిగిలే మడ్డి) కలిసిన నల్లమట్టి పొరలో జానెడు ఇనుప ముక్క బయటపడింది. ఒక కొస సన్నం, రెండోది పుట్టగొడుగులా విచ్చుకుంది. పిడికి బెజ్జం లేదు. నేను ఉలి అంటున్నా, పక్కనున్నాయన పెద్ద మేకు అంటున్నారు.

కొలిమి_మనిషి: ఆకారం తర్వాత, ముందు దెబ్బలు ఎక్కడ పడ్డాయో చూడండి. విచ్చుకున్న అంచు కిందికి ముడుచుకుని, అక్కడక్కడ చీలి ఉంటే ఏళ్ల తరబడి సుత్తి దెబ్బలు తిన్నట్టే. మేకు దిగేదాకా పడేది నాలుగు దెబ్బలే కదండీ. ఇక సన్నటి కొస చదునుగా ఉంటే ఉలి, మొద్దుగా ఉంటే బెజ్జాలు కొట్టేది. ఉలి అయితే, పదును పల్చగా ఉంటే ఎర్రగా కాల్చిన ఇనుము కోయడానికి, మందంగా ఉంటే చల్లటి ఇనుము కోయడానికి. రెండు కొసలూ సన్నబడి తల విచ్చుకోకపోతే అది ఉలి కాదు, కొట్టిన బెజ్జాన్ని వెడల్పు చేసే కడ్డీ.

సమ్మెట_దెబ్బ: ఆయన చెప్పింది నిజం. ఒక చివర బెజ్జం ఉన్న ఇనుప పట్టీని మేం చాలాకాలం తలుపు బందు అనుకున్నాం. తీరా చూస్తే ఆ బెజ్జం ఒకవైపు ఇరుకు, రెండోవైపు వెడల్పు. మేకు దూర్చి తల కొట్టే పనిముట్టు అది! స్వీడన్‌లోని గాట్‌లాండ్ దీవిలో 1936లో పొలం దున్నుతుంటే బయటపడిన మాస్టర్‌మిర్ పెట్టెలోనూ ఇలాంటిది ఉంది. వైకింగుల కాలం నాటి ఆ పెట్టెలో సుత్తులు, పట్టకార్లు, ఆకురాళ్లు, చిన్న దాగళ్లు (ఇనుము పెట్టి కొట్టే దిమ్మెలు) కూడా ఉన్నాయి. ఇంకోమాట, పాత దాగలికి పక్కకు పొడుచుకొచ్చిన కొమ్ము ఉండాల్సిందేనని వెతక్కండి, చాలావాటికి ఉండదు, ఉత్త ఇనుప దిమ్మెలా ఉంటాయి.

నల్లమట్టి: ఆ మట్టిని పారేయకండి, దయచేసి! అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దానిమీద తిప్పితే చేప పొలుసుల్లాంటి పల్చటి రేకులు, ఆవగింజ కన్నా చిన్న గుళ్లు అంటుకుంటాయి. కాల్చిన ఇనుమును కొట్టినప్పుడు రాలేది ఆ పొలుసే, గుళ్లు ఎక్కువగా రెండు ముక్కలు అతికేటప్పుడు చిమ్ముతాయి. గళ్లుగా విభజించి ఏ గడిలో ఎంత వచ్చిందో తూకం వేస్తే, ఎక్కువ వచ్చినచోట దాగలి ఉండేదని దాదాపుగా చెప్పొచ్చు. మీ పనిముట్టు కన్నా ఆ మట్టే ఎక్కువ చెబుతుంది.

కొలిమి_మనిషి: వైరు బ్రష్ మాత్రం ముట్టుకోవద్దు. పాత ఇనుముకి అసలు ఉపరితలం చాలాసార్లు తుప్పు పొరలోనే దాగి ఉంటుంది, నేను ఒకసారి తొందరపడి రుద్దితే పదును మొత్తం పొడిగా రాలిపోయింది, ఇప్పటికీ బాధే. కడగొద్దు, వెనిగర్ వద్దు, పొడిగా ఉంచి ఎక్స్‌రే తీయించమనండి, లోపలి ఆకారం తెలుస్తుంది.

పాత_ఇనుము: ఇప్పుడే మళ్లీ చూశాను, అంచు ఒకవైపు బాగా ముడుచుకుంది, రెండు చీలికలు ఉన్నాయి. కొస మట్టిలో కప్పుకుపోయింది, గీకలేదు. ఎక్స్‌రేకి పంపుతామన్నారు. నల్లమట్టి సంచుల్లో కట్టి, ఏ గడిదో రాసి పెట్టించాను.