నడవగలను గానీ నిలబడలేను: థీమ్ పార్కు క్యూలలో ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం. నా నడుము భాగంలో వెన్నెముక లోపల నరాలు వెళ్లే మార్గం సన్నబడిందని వైద్యులు చెప్పారు. మధ్యమధ్యలో కూర్చుంటూ నెమ్మదిగా వెళితే చాలా దూరమే నడవగలను. కానీ ఒకే చోట కదలకుండా నిలబడితే మాత్రం పావుగంట తిరక్కుండానే నడుము పట్టేస్తుంది, పిరుదుల నుంచి పిక్కల దాకా నరం గుంజుతుంది, ఆ తర్వాత పాదాలు తిమ్మిరెక్కుతాయి. ఎక్కడైనా కూర్చుని కాస్త ముందుకు వంగితే కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది.

రాబోయే సెలవుల్లో పిల్లలను తీసుకుని పెద్ద థీమ్ పార్కుకు వెళ్లాలని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. పేరున్న రైడ్ల దగ్గర గంటకు పైగా నిలబడటం అక్కడ మామూలేనని విన్నాను. ఇంతకుముందు ఇలాంటి చోట్లకు వెళ్లినప్పుడు నేను బయట బెంచీ మీద సంచులకు కాపలాగా ఉండిపోయేదాన్ని. ఈసారి అలా ఉండదలచుకోలేదు. పిల్లల పక్క సీట్లో కూర్చుని, వాళ్లతో పాటు నేనూ రైడ్ ఎక్కాలి.

వీల్‌చైర్ తీసుకుందామని మావారు అంటున్నారు. అయితే వీల్‌చైర్‌లో వచ్చిన మనిషి రైడ్ దగ్గర లేచి నాలుగడుగులు వేస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారో అనే సంకోచం నన్ను వెనక్కి లాగుతోంది. మడత స్టూలు వెంట తీసుకెళ్లడం మేలా? నాలాంటి వారికి పార్కులు ఏమైనా ఏర్పాట్లు చేస్తాయా? ఇలాంటి ఇబ్బందితో వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

నేను ఫిజియోథెరపిస్టును. మీరు చెప్పిన లక్షణాలు ఉన్నవారిని నా వృత్తిలో తరచుగా చూస్తుంటాను కాబట్టి, ముందుగా మీ సంకోచం గురించే రెండు మాటలు చెప్పాలనిపించింది. నడవడం, నిలబడటం శరీరానికి ఒకే రకమైన పని కాదు. నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ సడలుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తుంటాయి, బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మారుతుంటుంది. కదలకుండా నిలబడినప్పుడు ఆ పంపు ఆగిపోతుంది, అవే కండరాలు, అవే కీళ్లు విరామం లేకుండా భారం మోస్తాయి. దానికి తోడు నిటారుగా నిలబడితే నడుము వంపు పెరిగి, అసలే ఇరుకుగా ఉన్న నరాల మార్గం మరింత ఇరుకవుతుంది, ముందుకు వంగితే అది కాస్త తెరుచుకుంటుంది. కూర్చోగానే మీకు హాయిగా అనిపించడానికి కారణం ఇదే. కాబట్టి నడవగలిగిన మనిషి నిలబడలేకపోవడంలో దాపరికమూ లేదు, నటనా లేదు.

మీ విషయంలో మడత స్టూలు కన్నా, నాలుగు చక్రాలు, చేతి బ్రేకులు, మధ్యలో సీటు ఉండే రోలేటర్ అనే నడక బండి ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. దాన్ని పట్టుకుని నడుస్తున్నప్పుడు మీ శరీరం సహజంగానే కొద్దిగా ముందుకు వంగుతుంది, క్యూ ఆగినప్పుడు దాని మీదే కూర్చోవచ్చు. కూర్చునే ముందు రెండు బ్రేకులనూ కిందికి నొక్కి, అవి లాక్ అయ్యాయని బండిని ఒకసారి కదిపి చూసుకోవాలి, పైగా నేల చదునుగా ఉన్నచోట మాత్రమే కూర్చోవాలి. మీరు కూర్చుని ఉండగా పిల్లలు సరదాగా దాన్ని తోయకుండా చూడండి. మామూలు రోలేటర్ అందుకోసం తయారైనది కాదు, చిన్న చక్రం దేనికైనా తగిలితే వెనక్కి పడిపోయే ప్రమాదం ఉంది.

సీటు ఎత్తు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. క్యూ ప్రతి రెండు మూడు నిమిషాలకు నాలుగడుగులు ముందుకు జరుగుతుంది కాబట్టి గంటలో ఎన్నోసార్లు లేచి కూర్చోవలసి వస్తుంది. సీటు మరీ కిందికి ఉంటే నడుముకు దొరికిన విశ్రాంతి కాస్తా మోకాళ్లకు శిక్షగా మారుతుంది. ముందున్నవారు ఒక్కో అడుగు జరిగినప్పుడల్లా లేవనక్కరలేదు. కొంత ఖాళీ ఏర్పడేదాకా కూర్చుని, ఒకేసారి నడిచి ఆ ఖాళీని పూడ్చవచ్చని వెనుక ఉన్నవారికి ముందే చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

తప్పనిసరిగా నిలబడవలసిన కొద్దిసేపట్లో ఒక పాదాన్ని కింది కమ్మీ మీదో, చిన్న గట్టు మీదో పెట్టి, కాసేపటికి కాలు మార్చండి. అలా చేస్తే నడుము వంపు తగ్గుతుంది. పల్లంలోకి దిగే దారిలో శరీరం వెనక్కి వాలుతుంది కనుక అక్కడ నొప్పి త్వరగా మొదలవుతుందని గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, నొప్పి వచ్చాక కూర్చోవడం కాకుండా రాకముందే కూర్చోవాలి. పావుగంటకు నొప్పి వస్తుందని మీకు తెలుసు కాబట్టి ఎనిమిది, పది నిమిషాలకే కూర్చోండి. ఇక రైడ్ల విషయానికొస్తే, ఒక్కసారిగా కుదిపేవి, ఎత్తు నుంచి పడేవి మీ వెన్నుకు తగునో లేదో మీ వైద్యుణ్ని అడగకుండా ఎక్కవద్దు. వెన్ను, మెడ సమస్యలున్నవారు ఎక్కరాదని చాలా రైడ్ల ముందు రాసి ఉండేది ఊరికే కాదు.

సమాధానం 2

నాకు కీళ్లవాతం ఉంది, కుటుంబంతో కలిసి కొన్ని దేశాల్లో పెద్ద పార్కులు చూశాను. ఏర్పాట్లు ఉన్నాయా అని అడిగారు కదా, ఉన్నాయి, కానీ అవి అన్నిచోట్లా ఒకేలా లేవు. అందువల్ల పాత అనుభవాలు చదివి బయలుదేరితే అక్కడ నిరాశ ఎదురుకావచ్చు.

వీటిలో ఎక్కువగా కనిపించేది తిరిగి రావలసిన సమయాన్ని ఇచ్చే పద్ధతి. క్యూ గంట ఉంటే మీకూ దాదాపు గంట తర్వాతి సమయమే ఇస్తారు. ఆ గంటా మీరు నీడలో కూర్చుని, చెప్పిన వేళకు వచ్చి చిన్న వరుసలో లోపలికి వెళతారు. అంటే ఎదురుచూడటం తప్పదు, నిలబడటం మాత్రమే తప్పుతుంది. కాబట్టి ఎవరి వంతునో లాక్కుంటున్నామన్న అపరాధభావం మీకు అక్కరలేదు.

అయితే అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఈ సదుపాయం పరిధి 2024లో బాగా తగ్గింది. డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్ అనే ఆ ఏర్పాటు ఇప్పుడు ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సంబంధమైన సమస్యల వల్ల మామూలు క్యూలో ఉండలేని వారికోసం ఉద్దేశించినది. నిలబడటమే ఇబ్బంది అయినవారు వీల్‌చైర్‌లోనో, బ్యాటరీ స్కూటర్ మీదో క్యూలోనే రావచ్చన్నది అక్కడి వైఖరి. అమెరికాలోని యూనివర్సల్ పార్కులకు వెళ్లేటట్లయితే ఐబీసీసీఈఎస్ అనే సంస్థ దగ్గర యాక్సెసిబిలిటీ కార్డు కోసం ముందుగానే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. బ్రిటన్‌లో మెర్లిన్ అనే సంస్థ నడిపే ఆల్టన్ టవర్స్ వంటి పార్కుల్లో రైడ్ యాక్సెస్ పాస్ ఉంటుంది, దానికి నింబస్ అనే సంస్థ ఇచ్చే యాక్సెస్ కార్డు కావాలి. ఆ కార్డు మీద నిలబడటంలో, క్యూలో ఉండటంలో ఇబ్బంది అని తెలిపే గుర్తు ప్రత్యేకంగా ఉంది. మనం పడే బాధను వేరుగా గుర్తించి దానికి ఒక గుర్తు కేటాయించడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. నిబంధనలు మారుతూనే ఉంటాయి కనుక, టికెట్లు కొనకముందే మీరు వెళ్లే పార్కు వెబ్‌సైటులో దివ్యాంగుల సదుపాయాల పేజీని పూర్తిగా చదవండి, అర్థం కానిచోట వారికి రాసి జవాబును దాచుకోండి.

డబ్బు కట్టి కొనే త్వరిత ప్రవేశ పాసులు కూడా ఉపయోగపడతాయి, కానీ వాటి వరుసలోనూ పది, పదిహేను నిమిషాలు నిలబడవలసి రావచ్చు. మీ పరిమితే పావుగంట అంటున్నారు కాబట్టి పాసు కొన్నా కూర్చునే సాధనం వెంట ఉండాల్సిందే.

వీల్‌చైర్ గురించి మీకు ధైర్యం చెప్పడానికే ఇంత రాస్తున్నాను. వీల్‌చైర్ వాడేవారిలో చాలామంది కొంతదూరం నడవగలరు, పార్కు సిబ్బందికి ఇది నిత్యం కనిపించే విషయం. చూసినవాళ్లలో ఎవరో ఒకరు ముఖం చిట్లించవచ్చు. అలాంటి చూపు నాకూ ఎదురైంది, మనసు చివుక్కుమంది. కానీ ఆ మనిషి నిమిషంలో తన దారిన తాను పోతాడు, నొప్పి మాత్రం రాత్రంతా మనతోనే ఉంటుంది. ఎంచుకోవలసి వస్తే నేను ప్రతిసారీ వీల్‌చైర్‌నే ఎంచుకుంటాను.

సమాధానం 3

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక చిన్న మాట. అసలు క్యూయే చిన్నదిగా ఉండే వేళను పట్టుకోవడం అన్నిటికన్నా సులభం. గేట్లు తెరిచిన మొదటి గంటలోనే మీకు బాగా ఇష్టమైన రైడ్లు పూర్తి చేయండి, మధ్యాహ్నపు రద్దీలో కూర్చుని చూసే ప్రదర్శనలకు వెళ్లండి, మూసే ముందు మళ్లీ ఒకటి రెండు రైడ్లు ప్రయత్నించండి. ఒంటరిగా వచ్చేవారి కోసం ఉండే ప్రత్యేక వరుస త్వరగా కదులుతుందని కొందరు సలహా ఇస్తారు గానీ, మీకు అది పనికిరాదు. అందులో కుటుంబాన్ని విడదీసి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెడతారు, మీరు కోరుకుంటున్నదేమో పిల్లల పక్క సీటు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిలబడటం ఎందుకంత కష్టమో కారణంతో సహా తెలిశాక సగం సంకోచం పోయింది. మావారికి కూడా చదివి వినిపించాను. ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. రోలేటర్, వీల్‌చైర్, బ్యాటరీ స్కూటర్ ఈ మూడింటిలో క్యూ లోపలికి దేన్ని రానిస్తారు? రైడ్ ఎక్కేటప్పుడు దాన్ని ఎక్కడ వదలాలి, దిగాక అది మళ్లీ నా దగ్గరికి ఎలా వస్తుంది?

సమాధానం 4

నేను కొంతకాలం ఒక థీమ్ పార్కులో రైడ్ల దగ్గర పనిచేశాను కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలను. కొత్తగా కట్టిన క్యూలు సాధారణంగా వీల్‌చైర్ పట్టేంత వెడల్పుగా ఉంటాయి. పాతవాటిలో మలుపులు ఇరుకుగానో, మధ్యలో మెట్లో ఉంటే వేరే ద్వారం నుంచి, చాలాసార్లు రైడ్ బయటికి వచ్చే దారి నుంచి, లోపలికి పంపుతారు. బ్యాటరీ స్కూటర్ పొడవు ఎక్కువ కనుక కొన్ని క్యూలలోకి దాన్ని రానివ్వరు, బయట ఆపి మామూలు వీల్‌చైర్‌లోకి మారమంటారు. పైగా అద్దెకిచ్చే స్కూటర్లు ఉదయమే అయిపోతుంటాయి. మీరు నడవగలరు కాబట్టి రోలేటర్ గానీ, మీవారు తోయగలిగితే మామూలు వీల్‌చైర్ గానీ సరిపోతుంది.

ఎక్కే వేదిక దగ్గర మీరు లేచి సీట్లోకి మారగానే సిబ్బంది మీ బండిని పక్కన పెడతారు. దిగే చోటు వేరైతే అక్కడికి చేరుస్తారా లేదా అన్నది ఎక్కేముందే అడగండి, ఎందుకంటే కొన్ని రైడ్లలో దిగాక కొంతదూరం నడిచి బండిని తీసుకోవలసి వస్తుంది. బండికి మీ పేరు రాసిన చీటీ కట్టండి, సంచులు దానికి వేలాడదీసి వదలకండి.

మడత కుర్చీలను డిస్నీతో సహా కొన్ని పార్కులు లోపలికే రానివ్వవు. చేతికర్రలా పట్టుకుని, తెరిస్తే సీటయ్యే రకం తీసుకెళ్లాలనుకుంటే అది అనుమతిస్తారో లేదో ముందే రాసి కనుక్కోండి. దాని మీద సాధారణంగా కర్ర పిడి మన ముందుకు వచ్చేలా కూర్చోవాలి, వీపు ఆనించుకునేలా కూర్చుంటే పడిపోతారు. అది మోయగల బరువు ఎంతో కూడా చూసుకోండి.

ద్వారం దగ్గర ఉద్యోగికి జబ్బు పేరు చెప్పడం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు, చాలామందికి అదేమిటో తెలియదు. నేను పది నిమిషాలకు మించి ఒకేచోట నిలబడలేను, మెట్లు కొద్దిగా ఎక్కగలను, సీట్లోకి సాయం లేకుండా మారగలను అని చెప్పండి. ఆ మూడు వాక్యాలతో మిమ్మల్ని ఏ దారిలో పంపాలో అతనికి వెంటనే తెలుస్తుంది. రైడ్ మధ్యలో ఆగిపోతే నడిచి, మెట్లు దిగి రాగలరా అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్న మిమ్మల్ని అనుమానించి అడిగేది కాదు, అందరినీ క్షేమంగా దించే బాధ్యత వారిది. దానికి ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పండి. ఏదైనా రైడ్‌కు అలా దిగిరావడం మీ వల్ల కాదనిపిస్తే దాన్ని వదిలి, పిల్లలకు ఇష్టమైన వాటిలో మీరు ఎక్కగలిగేవి ముందురోజే గుర్తించి పెట్టుకోండి.