పటికబెల్లం విరిస్తే నీలి మెరుపు రావట్లేదు, ఏం చేయాలి?

మాది శ్రీకాకుళం. స్కూల్ సైన్స్ ఫెయిర్‌లో ట్రైబోల్యూమినిసెన్స్ (కొన్ని పదార్థాలను విరిచినా, రాసినా వెలుగు రావడం) చూపించాలి. రెండు పలుగురాళ్లు గట్టిగా రాస్తే లోపలి నుంచి నారింజ రంగు వెలుగు బానే వస్తోంది, కాలిన వాసనతో సహా. పటికబెల్లమే మొండికేస్తోంది.

కిటికీలకి దుప్పట్లు కట్టి, 15 నిమిషాలు కళ్లు చీకటికి అలవాటయ్యాక, శనగగింజంత పలుకులు కటింగ్ ప్లేయర్‌తో ఠప్పున విరిచాను. ఏమీ లేదు. ఎండలో ఆరబెట్టినా అంతే. ఆ వెలుగులో ఎక్కువ భాగం గాలిలోని నైట్రోజన్ ఇచ్చే అతినీలలోహిత కిరణాలట, వింటర్‌గ్రీన్ నూనె వాటిని కంటికి కనబడే నీలంగా మారుస్తుందట. మందుల షాపులో కొని రాస్తే పలుకులు జిగురయ్యాయి, గదంతా నొప్పుల మందు వాసన!

ఇక్కడి సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలో కూడా నీరు చేరుతుంది. ఇంత తేమలో పలుకులు ఎలా సిద్ధం చేస్తే మెరుపు కనబడుతుంది?