రెండూ పాలిథీనే అయితే ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఎందుకుంటాయి?

అల్లూరు రొయ్యల రైతు:
మా చెరువుకు వేసిన నల్ల షీటు ముక్క ఒకటి మిగిలింది. నలిపితే గరగరమంటుంది, మడిచి వదిలితే మళ్లీ లేస్తుంది. నారుమడి మీద కప్పే కవరేమో పిడికిట్లో ఒదిగిపోతుంది. కొట్టతను రెండూ పాలిథీనే అన్నాడు. ఇంత తేడా ఏంది? మా వాడు డిగ్రీ కెమిస్ట్రీ. ‘బ్రాంచింగ్ నాన్నా’ అని ఒక ముక్క చెప్పి ఫోన్‌లో పడ్డాడు.

కందుకూరు కెమిస్ట్రీ మాస్టారు:
మీవాడు చెప్పింది నిజమే అన్నా, మొదట్లోనే ఆపేశాడు. మా వైపు జామాయిల్ కర్ర లారీకెత్తడం చూసే ఉంటారు. నిటారు కర్రలు సందు లేకుండా పడతాయి. అదే లారీలో చిల్లకంప వేస్తే ఎక్కి తొక్కినా సగం గాలే.

పాలిథీన్ అణువు వేల కార్బన్ల గొలుసు. దాని పక్కల నుంచి మొలిచే చిన్న గొలుసులే కొమ్మలు, మీవాడు చెప్పిన బ్రాంచింగ్ అదే. కరిగిన సరుకు చల్లారేటప్పుడు గొలుసు మడతలు మడతలుగా పేరుకుని, 10–20 నానోమీటర్ల మందం పలక అవుతుంది. ఇలా క్రమంగా పేరుకున్న పలకే స్ఫటికం. అందులో కొమ్మ ఇమడదు, బయటికి నెట్టేస్తుంది. కొమ్మలెక్కువైతే పలకలు తగ్గి సరుకు మెత్తబడుతుంది; ఉన్న పలకలూ పలచనై, తక్కువ వేడికే కరుగుతాయి. కొమ్మలెక్కువున్న మెత్త కవర్ల రకం ఎల్‌డీపీఈ 110 డిగ్రీల దగ్గర, కొమ్మలు తక్కువున్న మీ నల్ల షీటు రకం హెచ్‌డీపీఈ 130 దగ్గర కరుగుతుంది.

1933లో ఇంగ్లండ్‌లో ఐసీఐ అనే రసాయన కంపెనీ వాళ్లకు మొదట దొరికింది ఈ కొమ్మల రకమే. విపరీతమైన ఒత్తిడిలో గొలుసు పెరిగే కొస వెనక్కి వంగి, తన ఒంటి మీదే కొమ్మ వేస్తుంది! నిటారు రకం 1953లో జర్మన్ కెమిస్టు జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకంతో వచ్చింది.

అల్లూరు రొయ్యల రైతు:
అయితే కొమ్మలు అసలు లేకుండా చేస్తే షీటు ఇంకా మంచిదేగా?

కందుకూరు కెమిస్ట్రీ మాస్టారు:
అక్కడే పప్పులో కాలేస్తారు. కొన్ని గొలుసులు ఒక పలకలోంచి ఇంకో పలకలోకి పోయి కట్టుతాళ్లలా పట్టుకుంటాయి. కొమ్మలు బొత్తిగా లేకుంటే గొలుసులన్నీ పలకల్లోకే సర్దుకుని తాళ్లు తగ్గుతాయి. అప్పుడు షీటు గట్టిగానే ఉంటుంది గానీ, ఏళ్ల తరబడి లాగుడు మీదున్న చోట సన్నగా చీలుతుంది. అందుకే చెరువుకు పరిచే షీటు (లైనర్) సరుకులో బ్యూటీన్, హెక్సీన్ లాంటివి కాస్త కలిపి, పొట్టి కొమ్మలు కావాలనే పెడతారు.

కావలి కుర్రాడు:
సర్, స్పిరిట్‌లో నీళ్లు కలిపి రెండు ముక్కలూ వేశా. కవరు తేలింది, నల్లది మునిగింది.

కందుకూరు కెమిస్ట్రీ మాస్టారు:
భలే చేశావు తమ్ముడూ. గొలుసులు సందు లేకుండా పేరుకున్న స్ఫటికాలు ఎక్కువుంటే సరుకు బరువెక్కి మునుగుతుంది. కానీ నల్లదాంట్లో ఎండకు తట్టుకోవడానికి 2–3 శాతం కార్బన్ బ్లాక్ ఉంటుంది, అదీ కాస్త బరువే. మునిగిన పుణ్యమంతా స్ఫటికాలకే కట్టబెట్టకు.

అల్లూరు రొయ్యల రైతు:
మా చెరువు మూలలో షీటు మడత నొక్కి రాయి పెట్టా మాస్టారూ. పొద్దున్నే తీసేస్తా.